రిపోర్టు నార్మల్, నొప్పి మామూలే

చోడవరం,
మంగళవారం.

ప్రియమైన జెస్సికా నాన్న గారికి,

శాలోమి వందనాలతో రాస్తున్నది. దేవుని కృప వల్ల ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరూ క్షేమమేనని తలుస్తున్నాను. లోపల ఎంత ఏడుపున్నా ఉత్తరం మొదటి వరుసలో క్షేమమే ఉండాలని మా అమ్మ నేర్పింది, అందుకని రాశాను. నా రిపోర్టులు ఎలా చదువుతారో దీన్నీ అలాగే చదువుకోండి.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటారు. మీరు ఎప్పుడో కొండ దిగి, సిగ్నల్ దొరికి ఫోన్ చేసేసరికి అది అత్తయ్య చేతిలో ఉంటుంది. స్పీకర్ పెట్టే ఉంటుంది. పక్కింటి అచ్చియ్యమ్మ గారు కూడా వచ్చి "ఆస్టిన్ బాబూ, అక్కడ మంచు పడతందేటి?" అని అడుగుతారు. అంతమంది మధ్య నా పేగుల సంగతి ఏం చెప్పను? బాగున్నావా అని మీరు అడుగుతారు, బాగున్నానండి అని నేనంటాను. ఆ మాట మీద మీరు మళ్ళీ కొండెక్కిపోతారు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. జెస్సికాకు ముందుపళ్ళు రెండూ ఊడాయి. శ అనబోతే గాలి వస్తోంది, అందుకని నా పేరు పలకమని వీధిలో పిల్లలందరూ దాన్ని ఏడిపిస్తున్నారు. డాబా మీద కారుతున్న చోట సిమెంటు వేయించాను. ఇప్పుడు దాని పక్కన కారుతోంది. మీరు పంపిన బీపీ మిషను అత్తయ్యకు బాగా నచ్చింది. రోజూ పొద్దున్నే చేతికి కట్టించుకుంటుంది. ఎక్కువ చూపిస్తే "ఇది సరిగ్గా కట్టలేదే గుంటా, మల్లీ నొక్కు" అంటుంది. తక్కువ వచ్చేదాకా నొక్కిస్తుంది. తక్కువ వచ్చాక స్తోత్రం చెప్పి ఊరగాయ వేసుకుంటుంది. ఆవిడ బీపీ ఎంతని అడిగారు కదా, ఆవిడకి ఏది కావాలో అది.

మందులు వేసుకుంటున్నావా అని అడిగారు. విశాఖపట్నం డాక్టరమ్మ ఇచ్చినవి వేసుకుంటున్నాను. నెలలో సగం రోజులు బాగానే ఉంటున్నాయి. మిగతా సగం ఎలా ఉంటాయో మీ ఉత్తరం రెండో పేజీ చదివాక మీకు చెప్పాలనిపించింది.

లీవు దొరికిందనీ, వస్తూనే నన్ను మీ మిలిటరీ ఆసుపత్రికి తీసుకెళ్తాననీ, పైనుంచీ కిందనుంచీ మళ్ళీ మొత్తం పరీక్షలు చేయిద్దామనీ, ఈసారి ఏదో ఒకటి తేలిపోతుందనీ రాశారు. అంతవరకూ సరే. ఆ కింద రాసిన వాక్యం నాకు కంఠతా వచ్చేసింది. "ఈసారి కూడా నార్మల్ వస్తే శాలోమీ, ఇక మన ఇంట్లో కడుపునొప్పి అనే మాట వినబడకూడదు."

మంచి షరతే పెట్టారు. పెట్టే ముందు ఇప్పటిదాకా జరిగింది ఒకసారి వరసగా వినండి. ఒకచోట కూర్చుని మీరు ఎప్పుడూ వినలేదు.

జెస్సికాను బడిలో వేసిన ఏడు నాకు వాంతులూ విరేచనాలూ పట్టుకుని సెలైన్లు ఎక్కించారు కదా. ఆ జబ్బు వెళ్ళిపోయింది గానీ, వెళ్తూ తలుపు వేయడం మరిచిపోయింది. అప్పటినుంచీ తిన్న కాసేపటికి కడుపు మెలిపెడుతుంది, వెంటనే వెళ్ళాలి. వెళ్తే తగ్గుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఒక్కోసారి రెండు మూడు రోజులు అసలు వెళ్ళబుద్ధి కాదు, పొట్ట బిగిసిపోతుంది. మా బడిలో టీచర్లందరికీ ఒకటే బాత్రూమ్. దాని తాళం కరస్పాండెంటు గారి గదిలో మేకుకు వేలాడుతుంది. నేను తాళం అడిగిన ప్రతిసారీ ఆయన గోడ గడియారం చూస్తారు. లెక్కల టీచరును, పిల్లలకు బోర్డు మీద లెక్క వేసి, ఇది పూర్తయ్యేలోగా నా కడుపు ఆగుతుందా అని ఇంకో లెక్క లోపల వేసుకుంటూ ఉంటాను.

మొదట కడుపు మీద స్కాను తీశారు. నార్మల్. ఆ ఆదివారం గుడిలో సాక్ష్యాల సమయంలో అత్తయ్య లేచింది. "మా కోడలికి కడుపులో పెద్ద గడ్డుందని బయపడ్డాం. పార్దన సేసేం. రిపోర్టు నార్మలొచ్చింది. దేవుడు ముట్టి బాగుసేసేడు" అంది. గడ్డ ఉందని ఎవరూ అనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాక మళ్ళీ మెలిపెట్టింది.

తర్వాత గొంతులోంచి కెమెరా వేశారు. నార్మల్. మళ్ళీ సాక్ష్యం, ఈసారి ఇంకొంచెం పెద్దది. ఆ తర్వాత ఉప్పునీళ్ళు తాగించి కిందనుంచి కెమెరా వేశారు. అదీ నార్మల్. ఆ ఆదివారం సాక్ష్యంతో పాటు పులిహోర కూడా పంచింది మీ అమ్మ. నేను ఎవరికీ ఏమీ చెప్పలేని స్థితిలో పడింది అక్కడే. నాకు నొప్పి ఉందంటే దేవుడు బాగుచెయ్యలేదని అర్థం. దేవుడు చేశాడంటే నేను అబద్ధమాడుతున్నానని అర్థం. మన గుడిలో ఈ రెండింటిలో ఏది తేల్చుకుంటారో మీకు తెలియనిది కాదు.

"ఏటే, మల్లీ ఏటి నొప్పి?" అనేది అత్తయ్య. "మూడుసార్లు నార్మలొచ్చింది కదేటి. నేను జనం ముందు నిలబడి సాక్ష్యం సెప్పేను. ఇప్పుడు నువ్విలా పొట్టట్టుకుని కూకుంటే నా మాటేటవ్వాలి?"

పాస్టరు ప్రేమ్‌కుమార్ గారు ఇంటికొచ్చి మెల్లగా చెప్పారు. "అమ్మా, పొందిన స్వస్థతని అనుమానిస్తే అది నిలవదమ్మా. మనం నోటితో ఒప్పుకోవాల." నోటితోనే కదా అని ఒప్పుకున్నాను. జెస్సికా తన బొమ్మను పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసి "నార్మల్. లెగు, లెగిసి గిన్నెలు తోముకో" అంటుంటే నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

ఇంకోసారి చూపిద్దామని మీరే పట్టుబట్టి అనకాపల్లిలో పెద్ద స్కాను తీయించారు. అందులో పేగు చివర గోడ కొంచెం దళసరిగా ఉందనీ, క్షయ అనుమానమనీ, మిగతా పరీక్షలతో సరిచూసుకోవాలనీ రాశారు. సరిచూసుకోవాలన్నది ఎవరూ చదవలేదు. మందులు రాసిచ్చిన డాక్టరూ చదివినట్టు లేదు. అనుమానం అన్నది మాత్రం అందరూ చదివారు. విచిత్రం ఏమిటంటే రిపోర్టులో అనుమానం వచ్చేసరికి ఇంట్లో నా మీద అనుమానం పోయింది.

ఆ రోజులు మీకు గుర్తుండవు, మీరు అక్కడ ఉన్నారు. అత్తయ్య నాకు రోజూ గుడ్డు ఉడకబెట్టి ఒలిచి ఇచ్చేది. "కూకో, నాను తోముతాను" అని అంట్లు లాక్కునేది. కరస్పాండెంటు గారు బాత్రూమ్ తాళం నా చేతిలోనే పెట్టేసి "అది మీరే వాడుకోండమ్మా" అన్నారు, మిగతా టీచర్లు ఎదురింటికి వెళ్ళడం మొదలుపెట్టారు. పేగులో క్షయ అలా అంటుకోదని నేను చెప్పలేదు. మీరు మూడు పేజీల ఉత్తరం రాశారు. పెళ్ళయ్యాక మొదటిసారి అందులో "నా శాలోమీ" అని ఉంది.

మందులు మొదలుపెట్టారు. ఆ మందులతో నొప్పి ఏమీ తగ్గలేదు. రెండో నెలలో కళ్ళు పచ్చబడ్డాయి, నీళ్ళు తాగినా వాంతి అయ్యేది. కామెర్లు అన్నారు. లేని జబ్బుకి వేసిన మందు ఉన్న లివరును తినేసింది. మందులు ఆపి విశాఖపట్నం తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ మళ్ళీ కెమెరా వేసి, ముక్క తీసి పరీక్షకు పంపి, స్కాను కూడా తీయించింది. దళసరి లేదు, క్షయా లేదు. ఒకే మనిషి, ఒకే పేగు. అనకాపల్లిలో అనుమానం, విశాఖపట్నంలో నార్మల్.

ఆవిడేం దేవత కాదు. వెనక జనం తోసుకుంటుంటే, చేతిలో టీ గ్లాసుతోనే మాట్లాడింది. నా సంచిలోంచి ఫిల్ములన్నీ లాగి చూసి "ఇన్నిసార్లు ఎందుకు చేయించారు?" అని కసిరింది. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు గ్లాసు కింద పెట్టి చెప్పింది.

"చూడమ్మా, మీ పేగులో పుండు లేదు, గడ్డ లేదు. అది పనిచేసే తీరులో తేడా ఉంది. దాన్ని ఐబీఎస్ అంటాం. కెమెరాకి ఆకారం కనబడుతుంది గానీ నొప్పి కనబడదు. కొన్ని పరీక్షలు ఒకసారి చేయడం అవసరం, చేశాం. ఇక ఊరికే చేస్తూ పోతే వచ్చేది మళ్ళీ నార్మలే. పోనీ అని పదిసార్లు చేయిస్తే ఎప్పుడో ఒకసారి ఏదో నీడ కనిపిస్తుంది, దానికి మందేస్తారు. మీకు జరిగింది అదే. రక్తం పడినా, బరువు తగ్గిపోతున్నా, జ్వరం వస్తున్నా రండి, అప్పుడు చూద్దాం. నొప్పి ఉందా అంటే ఉంది. మీరు చెప్తున్నారుగా, అదే నాకు చాలు."

మీరు చెప్తున్నారుగా అన్న మాట నాతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. మీరు కూడా.

ఇంటికొచ్చి అత్తయ్యకి ఆ పేరు చెప్పాను. "పేరుంది గానీ టెస్టుకి దొరకదా? అదేటే, దెయ్యమేటి?" అంది. కనీసం ఆవిడ అడిగింది. మీరు అదీ అడగలేదు. డాక్టరమ్మ చెప్పిందంతా నేను రాస్తే, దానికి జవాబుగా ఆసుపత్రి తారీఖు రాసి పంపారు.

మా తరగతిలో బంగార్రాజు అని ఒక గుంటడు ఉన్నాడు. భాగహారం బాగా చేస్తాడు. మా బడిలో రీటెస్టుల పిచ్చి కదా, వాడు రైటు చేసిన లెక్కనే మళ్ళీ ఇచ్చాం, మళ్ళీ రైటు చేశాడు. ఇంకోసారి ఇస్తే నా మొహం చూసి, "తప్పేటి టీచర్?" అని అడిగి, కొట్టేసి తప్పు రాశాడు. ఆ తప్పు పేపరునే వాళ్ళ నాన్నని పిలిచి చూపించారు. వాడి సంగతి అర్థమైనంతగా నాకు ఇంకెవరి సంగతీ అర్థం కాలేదు.

ఇప్పుడు మీకు చెప్పని సంగతులు రెండున్నాయి. కోపం తెచ్చుకోవాలనుకుంటే తెచ్చుకోండి, దాచుకుని దాచుకుని నాకు విసుగొచ్చింది.

ఒకటి. అనకాపల్లి రిపోర్టులో క్షయ అని చూసినప్పుడు మీరంతా కంగారుపడ్డారు. నేను వంటింట్లోకి వెళ్ళి, పంపు తిప్పి, ఆ చప్పుడులో నవ్వాను. స్తోత్రం ప్రభువా, దొరికింది అనుకున్నాను. ముప్పై రెండేళ్ళ మనిషిని, ఏడేళ్ళ పిల్ల తల్లిని, పేగులో క్షయ వచ్చిందని దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. మళ్ళీ మీ ఆసుపత్రికి వస్తే ఆ బల్ల మీద పడుకుని ఏం ప్రార్థిస్తానో నాకు ముందే తెలుసు. గడ్డ ఉండాలి ప్రభువా, ఎంత పెద్దదైనా సరే, వీళ్ళందరికీ కనబడేంతది ఉండాలి అని. మీ షరతు నన్ను అలాంటి ప్రార్థనకి తోస్తోంది. నేను ఆ ప్రార్థన చేయను. అందుకే రాను.

రెండోది కిందటి ఏడు మీరు లీవులో వచ్చినప్పటిది. అనకాపల్లి నుంచి వస్తున్నాం, గోవాడ దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు ఆగిపోయింది. నాకు చెమటలు పట్టేశాయి. మీ చెయ్యి పట్టుకున్నాను. మీకు తెలిసింది. మీరు మెల్లగా చెయ్యి తీసుకుని కిటికీలోంచి ట్రాక్టర్ల వైపు చూశారు. నేనే లేచి, నేనే డ్రైవరు దాకా వెళ్ళి, బస్సు ఆపండి బాబూ, కడుపు బాగోలేదు అని అందరూ వినేలా అడిగాను. "పొద్దున్న ఏటి తిన్నావేటమ్మా?" అని కండక్టరు నవ్వాడు, బస్సంతా నవ్వింది. దిగి ఎవరో తెలియని వాళ్ళింటి తలుపు కొట్టాను. ఆ ఇంటావిడ నన్ను చూసి ఒక్క మాట అడగకుండా చెంబు చేతికిచ్చి వెనక్కి చూపించింది. బయటికి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది, అందులో మీరూ వెళ్ళిపోయారు. చోడవరం బస్సు కాంప్లెక్స్‌లో నాకోసం నిలబడి, "ఫోన్ చెయ్యకపోయావా?" అన్నారు. ఆ రోజు నుంచీ కె.కోటపాడు మా అమ్మ దగ్గరికి కూడా బస్సులో వెళ్ళలేదు. అమ్మకి పనుందని చెప్తున్నాను.

సరిహద్దులో రాత్రంతా తుపాకీ పట్టుకుని నిలబడే మనిషి బస్సులో భార్య కోసం లేచి నిలబడలేకపోయాడు. నేను ఈ మాట ఎవరితోనూ అనలేదు. మీతోనే అంటున్నాను.

ఇక మొన్న ఆదివారం సంగతి. అత్తయ్య మీకు ఎలాగూ చెప్తుంది, నా నోటితో ముందు వినండి. నా లివరు నార్మల్‌కి వచ్చిందని ఆవిడ కృతజ్ఞత కూడిక పెట్టించింది. పులిహోర, అరటిపళ్ళు, అన్నీ ఉన్నాయి. పాస్టరు గారు "సోదరి శాలోమి తానే సాక్ష్యమిస్తే బాగుంటాది" అన్నారు. లేచాను. "లివరు బాగైంది, దేవునికి స్తోత్రం" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. "కడుపు బాగవ్వలేదు. రిపోర్టు నార్మల్, నొప్పి మామూలే. రెండూ నిజమే. ఇదే నా సాక్ష్యం" అని కూర్చున్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరు గారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు. ఆ రోజు అందరూ మామూలు కంటే గట్టిగా పాడారు.

దారిలో అత్తయ్య ఒకటే మాట అంది. "కడుపు సించుకుంటే కాళ్ళమీద పడతాదంటారే. పడేసేవు కదా." నా కడుపులో కెమెరాలు తిరిగినా ఏమీ పడలేదు కదా అత్తయ్యా అన్నాను. ఆవిడకి నవ్వు రాలేదు. నిన్న పొద్దున్న మాత్రం టీకి బదులు జీలకర్ర కాచి గ్లాసు నా పక్కన పెట్టి వెళ్ళిపోయింది. తాగాను.

కాబట్టి లీవు మానుకోకండి, రండి. ఆసుపత్రి తారీఖు మాత్రం మానిపించండి. వచ్చిన మర్నాడు పొద్దున్న కడుపునిండా తిని, జెస్సికాను అత్తయ్య దగ్గర వదిలి, మనిద్దరం అనకాపల్లి బస్సు ఎక్కుదాం. అక్కడ మనకి పనేమీ లేదు. మధ్యలో ఎక్కడో నేను మీ చెయ్యి పట్టుకుంటాను. అప్పుడు లేచి బస్సు ఆపమని చెప్పాల్సింది మీరు, నేను కాదు. మా ఆవిడకి కడుపు బాగోలేదు అని, వెనక సీటు వాళ్ళకి కూడా వినబడేలా చెప్పాలి. దిగాక ఎవరింటి తలుపైనా మీరే కొట్టాలి. నేను వచ్చేదాకా ఆ గుమ్మం దగ్గరే నిలబడాలి, గడియారం చూడకుండా.

ఈసారి టెస్టు మీకు. నేను మీలాగా మళ్ళీ మళ్ళీ చేయించను. ఒక్కసారే.

ఇట్లు,
ఫలితం కోసం ఎదురుచూస్తున్న
మీ భార్య,
శాలోమి